ఒరిగిన వరిలో మొలకలు: ఉప్పు నీళ్లు ఎప్పుడు, ఎంత?

ప్రశ్న: కోతకొచ్చిన చేను తుఫానుకు ఒరిగి రెండు రోజులుగా నీళ్లలో ఉంది. అడుగు కంకుల్లో గింజ ముక్కు పగులుతోంది. పక్క మడిలో కోసిన పనలూ తడిశాయి. ఉప్పు నీళ్లు కొట్టమంటున్నారు, ఎంత కలపాలి?
– ఒక రైతు, కృష్ణా జిల్లా

జవాబు: ముందు నీళ్లు తీయండి, ఉప్పు సంగతి ఆ తర్వాత. గట్టుకు పల్లం వైపు గండి కొట్టండి. మురుగు కాలువే నిండి ఎదురుపోటు పెడుతుంటే ఇంజను పెట్టి తోడటం తప్పదు. నీళ్లు తీశాక నాలుగైదు దుబ్బులు కలిపి నిలబెట్టి కట్టండి. చేనంతా కట్టే కూలి గిట్టదు కాబట్టి, కంకి బురదకు ఆనిన చోట కడితే చాలు.

వాన తెరిపి ఇచ్చాకే పిచికారీ చేయాలి. జల్లుల మధ్య కొడితే ఉప్పు కడుక్కుపోతుంది. మోతాదు 5 శాతం: లీటరుకు 50 గ్రాములు, 16 లీటర్ల ట్యాంకుకు 800 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో 10 కిలోలు. గల్లుప్పయితే ముందుగా బకెట్లో కరిగించి గుడ్డతో వడకట్టండి, లేకుంటే నాజిల్ పూడుకుపోతుంది. కంకులు బాగా తడవాలి. పనలను తిరగేసి రెండో వైపూ కొట్టాలి; మొలక వచ్చేది నేలకు ఆనిన వైపే. ఉప్పు ఉన్నచోట గింజ నీరు పీల్చుకోలేదు, అందుకే మొలక ఆగుతుంది. ఇప్పటికే మొలిచిన గింజకు మాత్రం ఏ మందూ లేదు. ఇంకా పాలు పోసుకునే దశలో ఉన్న పచ్చి చేనుకు ఉప్పు కొట్టకండి, ఆకు మాడుతుంది.

నూర్చిన ధాన్యం తడిసి, ఆరబెట్టడానికి ఎండ లేకపోతే క్వింటాలుకు 5 కిలోల ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టండి. వారం దాకా ఆగుతుంది. ఎండ రాగానే విప్పి, తూర్పారబట్టి, తేమ 17 శాతానికి దించితేనే కొనుగోలు కేంద్రంలో మాట చెల్లుతుంది. తడిసిన దాన్ని మంచి ధాన్యంలో కలిపితే మొత్తానికీ ధర కోస్తారు. విత్తనానికి అసలు ఉంచుకోవద్దు.

ఫసల్ బీమా చేయించి ఉంటే పనలు తిరగేయకముందే ఫొటోలు తీసి, 72 గంటల్లోపు తెలియజేయండి. పొలంలో ఆరేసిన పంటకు కోసిన నాటి నుంచి 14 రోజుల వరకే ఆ రక్షణ.

ప్రశ్న: వచ్చే ఏడు స్వర్ణ సబ్-1 వేస్తే ఈ బాధ తప్పుతుందా?
– మరో పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: తప్పదు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణకు ఒడిశా నాటు రకం నుంచి సబ్-1 జన్యువు చేర్చిన రకం అది. లేత పైరు మునిగితే ఎదుగుదల ఆపి, శక్తి దాచుకుని, రెండు వారాల దాకా తట్టుకుంటుంది. నాట్ల తర్వాత మునిగే పల్లపు చేలకు మేలే. కోత వేళ ఒరిగే చేనుకు కావలసినవి వేరు: పడిపోని గట్టి కాండం, గింజలో నిద్రావస్థ. విత్తనం కొనేటప్పుడు దిగుబడి ఒక్కటే కాక, కోతకొచ్చాక ఆ రకం గింజ ఎన్ని వారాలు మొలకెత్తకుండా ఉంటుందో కూడా అడగండి.