లంచ్ అవర్‌లో గోస్తని బొమ్మలు: అరగంట సరిపోతుందా?

మీ ఉత్తరంలో మీరు అడిగినవి రెండు. ఆఫీసు లంచ్ బ్రేక్‌లో నది ఒడ్డున కూర్చుని బొమ్మలు వేయడం అయ్యే పనేనా అన్నది ఒకటి. వైజాగ్‌లో సముద్రం తప్ప నది ఎక్కడుంది అన్నది రెండోది. రెండోది తేలిక కాబట్టి ముందు అదే చెప్తాను.

సిటీ మధ్యలో ఉన్నవన్నీ గెడ్డలే, అంటే మురుగు కలిసిన వాగులే. వాటిలో చాలావాటి పక్కన ముక్కు మూసుకోకుండా కూర్చోలేం. భీమిలి వెళ్తే మాత్రం గోస్తని ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల దగ్గర పారి, తాటిపూడి రిజర్వాయర్ దాటి, తగరపువలస మీదుగా వచ్చి భీమిలిలో సముద్రంలో కలుస్తుంది. అనకాపల్లి వైపు ఉద్యోగమైతే శారదా నది ఉంది. నేను భీమిలిలో ఒక ఆఫీసులో ఆరేళ్లు పనిచేశాను, రోజూ 900కె బస్సులో వచ్చి పోయేదాన్ని. ఆఫీసు నుంచి ఏటి ఒడ్డుకు ఏడు నిమిషాల నడక. నాకు తెలిసిందల్లా ఆ ఒక్క చోటే, చెప్పేదీ దాని గురించే.

ఇక మొదటి ప్రశ్న. గంట లంచ్ అంటే బొమ్మకు మిగిలేది 25 నిమిషాలు. క్యారేజీ తినడానికి 15, రానూపోనూ 15, సంచి సర్దుకుని చేతులు కడుక్కోవడానికి 5 పోతాయి. ఆ 25 నిమిషాల్లో బొమ్మ అవుతుంది. కాకపోతే ఇవాళ సగం వేసి రేపు పూర్తి చేద్దాం అనుకుంటేనే చెడిపోతుంది. మొదటి మూడు నెలలు నేను చేసిన తప్పు సరిగ్గా అదే.

పెద్ద షీటు తీసుకెళ్లేదాన్ని. సోమవారం నీళ్లు, అవతలి గట్టు మీద తాటిచెట్లు వేశాను. వారం మధ్యలో ఆడిట్ వచ్చి కదల్లేకపోయాను. మళ్లీ వచ్చే సోమవారం వెళ్లి లంగరు వేసి ఉన్న పడవను ఎదురుగా చూస్తూనే అదే షీటు మీద దింపాను. బాగా కుదిరిందని నేను మురిసిపోతుంటే, వెనక వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచి వచ్చి చూశాడు. "ఏటమ్మా, నీళ్లు సముద్రంలోకి పోతంటే పడవ ముక్కు సముద్రం ఏపు ఎట్టీసినావేటి?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన విడమర్చి చెప్పాడు. ముక్కుకు లంగరు తాడు కట్టిన పడవ నీటి వాలుకు ఎదురు తిరిగి నిలబడుతుంది. పోటు వస్తే, అంటే సముద్రపు నీళ్లు ఏట్లోకి ఎక్కితే, ముక్కు సముద్రం వైపు. పాటు తీస్తే, అంటే ఆ నీళ్లు వెనక్కి దిగిపోతే, ఏటి పైకి. నా బొమ్మలో నీళ్లు పాటువి: గట్టు పక్కన తడి బురద, బయటపడ్డ ఇసుక మేట అన్నీ అందులో ఉన్నాయి. పడవ మాత్రం పోటుది. చేపలు పట్టేవాళ్లకి అది తలకాయ వెనక్కి తిరిగిన మనిషి బొమ్మలా కనిపించి ఉంటుంది.

రోజూ ఒంటిగంటకే వెళ్తున్నాను కదా, రోజూ ఒకే దృశ్యం ఉంటుందని అనుకోవడమే నా పొరపాటు. మన తీరంలో పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, వచ్చే వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఇవాళ ఒంటిగంటకి ఏరు నిండుగా ఉంటే, వారం తిరిగేసరికి అదే ఒంటిగంటకి నీళ్లు తీసేసి ఉంటాయి. ఇంకో వారానికి మళ్లీ నిండు. పైగా అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు బాగా ఎక్కి బాగా తీస్తాయి, అష్టమి రోజుల్లో అంత తేడా ఉండదు. ఆ పెద్దాయనకి ఇదంతా తిథుల లెక్కలో నోటికి వచ్చు. నేను ఆఫీసు క్యాలెండర్‌లో పెన్సిల్‌తో 'పో', 'పా' అని రాసుకునేదాన్ని. మా మేనేజర్ అది చూసి నా సెలవుల లెక్క అనుకున్నారు.

అప్పట్నుంచి పెద్ద షీట్లు మానేశాను. పోస్టుకార్డు సైజు, 300 జీఎస్ఎం మందపాటి కాగితం, రోజుకి ఒకటి. అయితే అయింది, లేకపోతే అలాగే వదిలేసి కింద తేదీ, పోటో పాటో రాసి పెట్టడం. సగంలో ఆగినవే ఇప్పుడు చూడబుద్ధేస్తాయి, వాటిలో అబద్ధం లేదు కాబట్టి.

నేను వేసేది వాటర్ కలర్స్‌తో. రంగులు ఎక్కువ మోయకండి. అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్న్ట్ సియన్నా (ఎర్రటి గోధుమ రంగు), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), ఒక పసుపు, ఒక ఎరుపు చాలు. మొదటి రెండూ కలిపితే వచ్చే బూడిద రంగుతోనే మన ఏరు సగం అయిపోతుంది. నది అనగానే చెయ్యి నీలం వైపు పోతుంది, దాన్ని ఆపుకోవాలి. మీ కాళ్ల దగ్గర నీళ్లలోకి చూడండి, అడుగున బురద కనిపిస్తుంది. చూపు దూరం పోయేకొద్దీ అదే నీటికి ఆకాశం రంగు వస్తుంది. తెల్ల పడవ నీడ (ప్రతిబింబం) నీళ్లలో అసలు పడవ కన్నా కాస్త మాసినట్టు ఉంటుంది. నల్లటి చెట్టు నీడ చెట్టు కన్నా కాస్త తేలిపోయి ఉంటుంది. ఇది పట్టుబడితే నీళ్లు నీళ్లలా కనిపిస్తాయి. ఇక వానల్లో పైనుంచి కొత్తనీరు దిగినప్పుడు నీలం డబ్బా మూతే తియ్యక్కర్లేదు.

మధ్యాహ్నపు ఎండ బొమ్మకి మంచిది కాదని అందరూ అంటారు, నిజమే, నీడలు చెట్ల మొదళ్లలోనే ఉండిపోతాయి. ఉన్న టైమ్ అదే అయినప్పుడు ఏం చేస్తాం. కాగితం మాత్రం ఎండలో పెట్టకండి. ఎండలో తెల్లగా మెరిసే కాగితం మీద రంగులన్నీ ప్రకాశంగానే కనిపిస్తాయి, ఆఫీసులోకి తెచ్చి ట్యూబ్‌లైటు కింద చూస్తే బొమ్మ మసిబారినట్టు ఉంటుంది. చెట్టు నీడో గొడుగో చూసుకోండి. కూలింగ్ గ్లాసులు తీసేయండి. ఆ వేళకి సముద్రపు గాలి లేస్తుంది, నాలుగు మూలలా క్లిప్పులు లేకపోతే కాగితం ఏట్లో ఉంటుంది.

బాటిల్‌లో మంచినీళ్లు తీసుకెళ్లడం మర్చిపోవద్దు. ఒకసారి మర్చిపోయి ఏట్లో నీళ్లే ముంచి వేశాను. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అవి ఉప్పునీళ్లు. ఆరాక రంగులో చిన్న చిన్న నక్షత్రాల్లాంటి మచ్చలు వచ్చాయి, చూడ్డానికి అందంగానే ఉన్నాయి. ఆ ఉప్పు మాత్రం మన వైజాగ్ గాలిలో తేమ లాగేసి, వాన పడ్డ రోజల్లా బొమ్మ చెమట పట్టేది. మామూలు బొమ్మలకే ఇక్కడ బూజు భయం, చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లు పారేయకుండా బొమ్మల మధ్యలో పెట్టండి. బ్రష్ తుడవడానికి ఒక పాతగుడ్డ కూడా. నేను చున్నీ అంచుకి తుడిచే అలవాటు చేసుకుని మూడు చున్నీలు పాడుచేశాను.

జనం చూస్తారని మొహమాటంగా ఉందని రాశారు. చూస్తారు. పిల్లలు రెండు రోజులు మూగుతారు, మూడో రోజు వాళ్ల ఆట వాళ్లది. పెద్దవాళ్లు తప్పులు చెప్తారు, వినండి.

వీలైతే ఎప్పుడైనా రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూసి రండి. 28 నిండకుండానే 1925లో పోయిన చిత్రకారుడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చేతిలోని పనితనాన్ని గుర్తించి ప్రోత్సహించాడు. ఫోన్‌లో వీడియోలు వంద చూసినదాని కన్నా అక్కడ ఒక పూట నిలబడటం నాకు ఎక్కువ పనికొచ్చింది.

మీ ఆఫీసు ఎటువైపో రాయలేదు. మధురవాడ వైపైతే లంచ్‌లో భీమిలి వెళ్లి రావడం కుదరదు, ఆ ఆశ పెట్టుకోకండి. అలాంటప్పుడు ఆఫీసు దగ్గరే ఏ చెరువో చూసుకుని చెయ్యి అలవాటు చేసుకోండి, గోస్తనికి ఆదివారం రండి. వచ్చేముందు ఆ రోజు తిథి ఏంటో ఒకసారి చూసుకోండి.