ఓర్క్నీలో ఒక్క పగలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ ఓడ స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఓర్క్నీ దీవుల్లోని పట్టణం కిర్క్‌వాల్‌లో ఒక పగలు ఆగుతుందనీ, ఆ కాసేపట్లోనే ఓర్క్నీ అంతా చుట్టి రావాలని అల్లుడుగారు పట్టిక వేశారనీ రాశావు. అందులో సగం కొట్టెయ్యమని నా మాటగా చెప్పు. పడమటి వైపు స్కారా బ్రే అనే పాతకాలపు రాతి పల్లె, బ్రాడ్‌గర్ రాళ్ల వలయం, తిరిగొచ్చాక ఊళ్లో సెయింట్ మాగ్నస్ చర్చి, ఇవి చాలు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ ఖైదీలు రేకుల షెడ్డులో కట్టుకున్న ప్రార్థనాలయం ఎంతో అందమైనదే. కానీ అది దక్షిణాన ఉంది. రెండు వైపులకూ పరుగెత్తితే ఏదీ కంటినిండా చూడలేరు.

స్కారా బ్రేకి గంటన్నరకు తక్కువ ఇవ్వకు. 1850లో పెద్ద తుఫాను తీరంలోని ఇసుక దిబ్బను చీల్చితే బయటపడిన పల్లె అది. దాదాపు ఐదు వేల ఏళ్ల నాటిది, గిజా పిరమిడ్ల కంటే పాతది. ఇళ్లలోకి దిగనివ్వరు, పైనున్న బాట మీంచి లోపలికి చూడాలి. నడుమ పొయ్యి, రెండు పక్కలా రాతి పలకల మంచాలు, గుమ్మానికి ఎదురుగా రాతి అలమర. ఆ దీవిలో కలప కరువు, అందుకే సామానంతా రాతితో చేసుకున్నారు, అందుకే ఇన్నాళ్లు నిలిచింది. మన ఇళ్లలో ఇత్తడి బిందెలు వచ్చినవాళ్లకు కనపడేలా పేర్చినట్టు, ఆ ఇల్లాలు కూడా తన మంచి కుండలు ఆ అరల్లోనే పెట్టి ఉంటుందని నాకు గట్టి నమ్మకం. పిల్లలకు ఆ అలమర తప్పకుండా చూపించు. పక్కనే నమూనా ఇల్లు ఒకటి కట్టారు, అందులోకి వెళ్లవచ్చు.

టికెట్లు ఇప్పుడే ఆన్‌లైన్‌లో తీసుకో. ఓడలు వచ్చిన రోజున అక్కడ రద్దీ ఎక్కువ. బ్రాడ్‌గర్‌కు టికెట్ లేదు. మొదట అరవై రాళ్లు ఉండేవంటారు, ఇప్పుడు 36 మిగిలాయి. రెండు సరస్సుల నడుమ బయలు, గాలికి అడ్డం చెట్టు కూడా ఉండదు.

ఆ గాలిని తేలికగా తీసుకోవద్దు. జూలైలోనూ పగటి వేడి 15, 16 డిగ్రీల దగ్గరే ఉంటుంది, గాలికి ఇంకా చలిగా అనిపిస్తుంది. గొడుగులు ఓడలోనే వదిలెయ్యండి, తిరగబడి విరిగిపోతాయి. మీ అత్తగారిని ఆ ఒక్కరోజుకు చీర వద్దని బతిమాలు. చెవులు కప్పే టోపీ, తడవని కోటు, పట్టు జారని బూట్లు కావాలి. కారు తీసుకుంటే తలుపు తీసేటప్పుడు రెండు చేతులతో పట్టుకోవాలి. వదిలారా, గాలి దాన్ని కీలు దాకా వంచేస్తుంది. పిల్లల చేత అసలు తీయించకు.

మీరు నార్వే నుంచి వస్తున్నారు కదా, యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా బ్రిటన్‌లో చెల్లదు. అందరి వీసాలూ ఈ వారమే సరిచూడు. తిరిగి షెంజెన్ దేశంలోకి వెళ్లేటట్టయితే అది ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చినదా కాదా అన్నదీ చూడు.

రేవు ఊరికి రెండు మైళ్లు ఉంటుంది. సొంతంగా తిరిగేవాళ్ల కోసం ఓడ ఆగదు. ఓడ గడియారం, ఊరి గడియారం ఒకటేనో కాదో దిగేటప్పుడే అడిగి, గడువుకు గంట ముందే రేవు చేరండి. మామగారికి మోకాళ్ల నొప్పి తగ్గకపోతే బ్రాడ్‌గర్ మానేసి ఆ సమయం చర్చిలో గడపండి. 1137లో మొదలుపెట్టిన ఎర్రరాతి కట్టడం, లోపల ఈదురుగాలి ఉండదు, కూర్చోవడానికి బల్లలున్నాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న