ఇంట్లో రికార్డు చేసిన పాటకి ‘బాగుందండీ’ దాటి అసలు మాట రాబట్టేదెలా?

ప్రశ్న ఇది: సొంతంగా రాసి, ఇంట్లో రికార్డు చేసిన పాటని తెలిసినవాళ్లందరికీ పంపితే ‘సూపర్’, ‘బాగుంది’ తప్ప ఏమీ రావట్లేదు, లోపం ఎక్కడుందో తెలిసేదెలా అని.

అభిప్రాయం అడగడం మానెయ్యండి. మన గోదావరి జిల్లాల్లో ఎదురుగా కూర్చుని “ఎలా ఉందండీ?” అని అడిగితే “ఆయ్, బాగుందండీ” అనే అంటారు. అది మనిషి మీద మర్యాద, పాట గురించి అందులో ఏమీ ఉండదు. దాని బదులు విన్నవాళ్ల చేత ఒక పని చేయించండి: పాట ఒక్కసారి వినిపించి, పల్లవిలో ఏం వినపడిందో కాగితం మీద రాయమనండి. సాహిత్యం ముందు చూపించకూడదు, పాట దేని గురించో కూడా చెప్పకూడదు.

దీంతో ఏం బయటపడుతుందో ఒక పాట సంగతి చెప్తాను. పాలకొల్లు వైపు ఒక కుర్రాడు చేసింది, నిమిషానికి 100 బీట్ల నడక. పల్లవిలో ‘ఏటిగట్టున నీతో నడిచిన సాయంత్రం’ అనే లైను ఉంది. అయిదుగురి చేత రాయిస్తే ముగ్గురు ‘నీటిలో నడిచిన’ అని రాశారు. అంతకుముందు వాళ్లందరూ పాట బాగుందనే అన్నారు. రికార్డింగ్ సెషన్ ఫైలు తెరిచి చూస్తే కారణాలు రెండు. ‘తో’ అనే అక్షరం సరిగ్గా క్లాప్ (తాళంలో వచ్చే చప్పట్ల శబ్దం) మీద పడుతోంది. ‘త’ని ‘త’గా గుర్తుపట్టించే ఆ చిన్న చిటుకుని క్లాప్ మింగేసింది. రెండోది గొంతు మీద పెట్టిన డిలే, అంటే పాడిన మాటని కాస్త ఆగి మళ్లీ వినిపించే ఎఫెక్టు. దాన్ని ఎనిమిదో వంతు నోటుకి, అంటే సగం బీటుకి పెట్టాడు, ఆ నడకలో అది 300 మిల్లీసెకన్లు. ‘తో’ మళ్లీ 300 మిల్లీసెకన్ల తర్వాత ఇంకోసారి వినపడి, లేని అక్షరం ఒకటి పుట్టించింది. రాసినవాడికి మాటలు ముందే తెలుసు గనక వందసార్లు విన్నా అతని చెవికి ‘నీతో’ అనే వినపడుతుంది.

సరిచెయ్యడం పెద్ద పని కాదు. క్లాప్‌లో 2.5 కిలోహెర్ట్జ్ చుట్టూ 3 డెసిబెల్స్ తగ్గించాలి. డిలే రిటర్న్ (డిలే శబ్దం వచ్చే ట్రాక్) మీద ఒక కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని అణిచేది) పెట్టి దాని సైడ్‌చెయిన్‌కి, అంటే ఎప్పుడు అణచాలో చెప్పే ఇన్‌పుట్‌కి, గొంతుని ఇస్తే, పాడుతున్నంతసేపూ డిలే అణిగి ఉండి లైను చివర ఖాళీలో మాత్రమే పైకి వస్తుంది. అదీ కుదరకపోతే లైనులోని ఆఖరి మాటకి మాత్రమే డిలే వెళ్లేలా సెండ్‌ని (గొంతుని డిలేకి పంపే మోతాదుని) ఆటోమేట్ చెయ్యండి. గొంతుని మొత్తంగా ఒక డెసిబెల్ పెంచడం అప్పటికీ చాలకపోతేనే.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. సరిచేసిన పాటని మళ్లీ ఆ అయిదుగురికే వినిపిస్తారు. వాళ్లకి ఇప్పుడు మాటలు తెలిసిపోయాయి, వాళ్ల చెవి ఇక మీ చెవి లాంటిదే. ఏ మనిషైనా మీ పాటని మొదటిసారి వినేది ఒక్కసారే. అందుకని ఉన్న శ్రోతలని పొదుపుగా వాడాలి. పన్నెండు మంది దొరికితే నలుగురేసి మూడు జట్లు చేసి, ఒక్కో జట్టుకి ఒక్కో వెర్షన్ వినిపించండి. రెండొందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో మొదటి మిక్స్ పడేస్తే ఆ రెండొందల జతల చెవులూ ఒకేసారి ఖర్చయిపోతాయి. సంక్రాంతికి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ అందరూ దిగుతారు కదా, కొత్త చెవులు దొరకడానికి ఏడాదిలో అంతకు మించిన సమయం లేదు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టండి. నలుగురు కలిసి వింటే మొదట నోరు విప్పినవాడి మాటే మిగతా ముగ్గురి మాట అవుతుంది.

వినిపించేటప్పుడు ఫోను వాళ్ల చేతికే ఇచ్చి మీరు పక్కకో వెనక్కో కూర్చోండి. “ఇంకా మిక్సింగ్ అవ్వలేదండీ” అని ముందే చెప్పకండి, ఆ మాటతో వాళ్లు తప్పులన్నీ క్షమించేస్తారు. వాళ్ల బొటనవేలు వాల్యూమ్ బటన్ మీదకి ఎప్పుడు వెళ్లిందో నిమిషం, సెకనుతో సహా రాసుకోండి. చరణంలో పెంచి పల్లవిలో తగ్గించారంటే చరణంలో గొంతు లోపలికి పోయిందని, పల్లవిలో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య గిటారూ సింథూ గొంతూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని అర్థం. మాటల్లో బాగుందన్న మనిషే వేలితో ఈ సంగతి చెప్పేస్తాడు.

ఫైలు పంపాల్సి వస్తే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపకండి. ఫోను మైకులోంచి మళ్లీ రికార్డయి, మాటల కోసం కుదించిన మోనో శబ్దంగా వెళ్తుంది. 320 కేబీపీఎస్ ఎంపీ3 చేసి డాక్యుమెంట్‌గా జోడిస్తే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. రెండు మిక్సుల్లో ఏది మేలో అడిగేటప్పుడు రెంటి లౌడ్‌నెస్‌నీ సమానం చెయ్యాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా గట్టిగా ఉన్నదే జనానికి బాగున్నట్టు అనిపిస్తుంది. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత వెర్షన్‌తో రెంటినీ పాట మొత్తం మీద కొలిచి మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (చెవికి తోచే గట్టితనాన్ని కొలిచే ప్రమాణం అది) తెండి. సినిమా పాటతో పోల్చేటప్పుడు మీ పాటని పైకి నెట్టకుండా సినిమా పాటనే అదే అంకెకి దించండి.

ఫోను స్పీకర్ తర్వాత ఆటోలో వినిపించండి. రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే సర్వీస్ ఆటోలో డీజిల్ ఇంజను మోత కింది ఫ్రీక్వెన్సీలని కమ్మేస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర మీరు ప్రేమగా పెట్టుకున్న బేస్ అక్కడ ఉండదు, చిన్న ఫోను స్పీకర్లో అసలే ఉండదు. బేస్ ట్రాక్‌కి కాస్త శాచురేషన్ (శబ్దాన్ని కొద్దిగా గరుకు చేసే ఎఫెక్టు) ఇస్తే 100, 150, 200 హెర్ట్జ్ దగ్గర హార్మోనిక్స్ (మూల స్వరానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల ధ్వనులు) పుట్టి స్వరం ఏమిటో చెవికి అందుతుంది.

జనం మిక్సింగ్ భాష మాట్లాడరు, వాళ్ల మాటని మనమే విప్పుకోవాలి. ‘డబ్బాలోంచి వస్తున్నట్టుంది’ అంటే చిన్న గది ప్రతిధ్వని, 300 నుంచి 600 హెర్ట్జ్ మధ్య వెతకండి. ‘చెవిలో గుచ్చుకుంటోంది’ అంటే స, శ, ష పలికే చోట 5 నుంచి 8 కిలోహెర్ట్జ్. ‘వెనక ఏదో రొద’ అంటే భీమవరం, ఉండి వైపు ఇళ్లలో చాలాసార్లు అది రొయ్యల చెరువుల నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లే. రాత్రంతా తిరుగుతాయి గనక, రాత్రి నిశ్శబ్దంగా ఉంటుందని అప్పుడే పాడేవాళ్లకి ఈ తిప్పలు. 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (దానికి కింది శబ్దాలని కోసేసే ఫిల్టర్) పెట్టినా మోటారు మూలుగు, నీళ్లు కొట్టే చప్పుడూ దానికి పైన మిగిలే ఉంటాయి. చెరువు లేని వైపు గదికి మారి, తలుపులకి దుప్పట్లు కట్టి మళ్లీ పాడటమే మేలు.

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే మాట ‘కరోకే మీద పాడినట్టుంది’. దీనికి చాలామంది రివర్బ్ (గది ప్రతిధ్వని ఎఫెక్టు) పెంచేస్తారు. గొంతు ఇంకా దూరం జరుగుతుంది తప్ప పాటలో కలవదు. అసలు లోపం గొంతూ వాద్యాలూ వేర్వేరు గదుల్లో ఉన్నట్టు వినిపించడం. ఒకే చిన్న రూమ్ రివర్బ్ బస్ (చాలా ట్రాకులు కలిసి వెళ్లే దారి) పెట్టి, గొంతునీ గిటారునీ స్నేర్ డ్రమ్ముని కూడా కొద్దికొద్దిగా దాంట్లోకి పంపండి. గొంతుని ఒకే కంప్రెసర్‌తో నొక్కకుండా రెండింటితో, ఒక్కోదానికి 3 నుంచి 4 డెసిబెల్స్ చొప్పున తగ్గించండి. ఆ తర్వాత గొంతు ఫేడర్‌ని (వాల్యూమ్ మీటని) లైను లైనుకీ చేత్తో సర్దండి. ఓపిక కావాలి గానీ ఈ పనికి ప్రత్యామ్నాయం లేదు.

తోటి సంగీతకారుల సంగతి విడిగా చెప్పాలి. ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయించే మిత్రుడికి వినిపిస్తే కార్డ్ (పాట కింద కలిపి వాయించే స్వరాల గుంపు) మార్చమంటాడు, మిక్సింగ్ తెలిసిన మిత్రుడు ప్లగిన్ (ఎఫెక్టు సాఫ్ట్‌వేర్) మార్చమంటాడు. ఎవరికి వాళ్లు తమ పాట చేసుకుంటున్నారు. సమస్య ఎక్కడుందో అన్నంతవరకు వాళ్ల మాట తీసుకోండి, మందు మీరే వెతుక్కోండి. విడివిడిగా విన్న అయిదుగురిలో ముగ్గురు ఒకే చోట తడబడితే అది తప్పకుండా సరిచెయ్యాల్సిన చోటు. ఒక్కరే అంటే రాసి పెట్టుకుని వదిలెయ్యండి. లిరికల్ వీడియోల మీద కూడా నాకు గట్టి అభ్యంతరం ఉంది. తెర మీద అక్షరాలు కనపడుతుంటే గొంతులో మాట స్పష్టంగా లేదన్న సంగతి ఎవరికీ తెలియదు, చేసినవాళ్లకి అసలు తెలియదు.

మర్నాడు అదే మనిషికి ఫోన్ చేసి కూనిరాగం తీయమనండి. పల్లవి కాకుండా చరణంలో ముక్క ఏదైనా పాడితే మీ పాటకి పట్టు అక్కడుంది, దాన్ని ముందుకి తెచ్చుకోండి. ఇద్దరు ముగ్గురు ఒకే స్వరాన్ని ఒకే రకంగా సులువు చేసి పాడితే వాళ్ల బాణీయే ఉంచెయ్యండి. జనం నోట్లో తిరిగేది అదే.

ఇదంతా అయ్యాక యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనపడేలా) పెట్టి లింకు పంపండి. మైనస్ 14 కన్నా గట్టిగా ఉంటే యూట్యూబ్ తగ్గిస్తుంది, మెల్లగా ఉంటే పెంచదు. ఎంత తగ్గించిందో కంప్యూటర్లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’లో చూడొచ్చు. యూట్యూబ్ స్టూడియోలో జనం ఎంతవరకు చూశారో చూపే ఆడియెన్స్ రిటెన్షన్ గ్రాఫ్‌ని పదిమంది చూసినప్పుడు నమ్మకండి, వందలు దాటాక చూడండి. పాటలు చాలావరకు ఇంట్రోలోనే జనాన్ని పోగొట్టుకుంటాయి. 100 బీట్ల నడకలో ఎనిమిది బార్ల (బార్‌కి నాలుగు బీట్లు) ఇంట్రో అంటే 19.2 సెకన్లు. నాలుగు బార్లకి కోస్తే 9.6 సెకన్లకే గొంతు వినపడుతుంది. కోసిన ఆ నాలుగు బార్ల ఫ్లూట్ బిట్ బాగుందనిపిస్తే రెండో చరణం ముందు పెట్టుకోండి, అక్కడ వినడానికి జనం ఆగుతారు.