మళ్ళీ నీట్ రాయాలా, బీడీఎస్‌లో చేరాలా?

చిరంజీవి సాహితికి,

అత్తయ్య ఆశీస్సులు. నీకు ఎంబీబీఎస్ కాక, పళ్ళ డాక్టరు చదువైన బీడీఎస్‌లో సీటు వచ్చిందని చెబుతున్నప్పుడు అన్నయ్య గొంతు విని, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమో అని కంగారుపడ్డాను. 25 ఏళ్ళుగా పళ్ళు బాగుచేసి బతుకుతున్న చెల్లెలితోనే మాట్లాడుతున్నానని పాపం మరిచిపోయినట్టున్నాడు. సరే, ఆ లెక్క మేమిద్దరం తర్వాత తేల్చుకుంటాం.

నువ్వు పంపిన నీట్ జవాబు పత్రం, అదే ఓఎంఆర్ కాపీ, కీ పక్కపక్కన పెట్టుకుని రాత్రి కూర్చున్నాను. బయాలజీ జోలికి పోను, అది నీకు వచ్చు. ఫిజిక్సు చూడు. 45 ప్రశ్నల్లో 17 ఒప్పు, 21 తప్పు, 7 వదిలేశావు. ఒప్పుకు నాలుగు చొప్పున 68 వస్తే తప్పుకు ఒకటి చొప్పున 21 పోయి 47 మిగిలాయి. 180కి 47! తప్పుల్లో 14 చివరి పది నిమిషాల్లో గుడ్డిగా దిద్దినవని నువ్వే అన్నావు. వాటిని వదిలేసి ఉంటే 14 మార్కులు కలిసేవి. మిగతా ఏడూ తెలిసీ తప్పినవే అనుకుని అన్నీ ఒప్పయ్యాయనుకున్నా, పోయిన ఒకటి, రావలసిన నాలుగు కలిపి ఒక్కోదానికి ఐదు చొప్పున 35. అన్నీ కలిపినా 96 దాటవు. కాబట్టి కంగారులో పోయాయని సర్దిచెప్పుకోకు. నీకు ఫిజిక్సు రాలేదు.

అదే ఇన్‌స్టిట్యూట్‌లో, అవే మెటీరియల్ పుస్తకాలతో మళ్ళీ ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. మా రోజుల్లో నీట్ బదులు ఎంసెట్. మొదటిసారి ఎంబీబీఎస్ రాలేదని, వచ్చిన బీడీఎస్ సీటు వదులుకుని, ఏడాది హాస్టల్లో ఉండి మళ్ళీ రాశాను. వచ్చిన జువాలజీనే నాలుగుసార్లు చదివాను, చదువుతుంటే హాయిగా ఉండేది మరి. ఎర్ర సిరాతో గీసిన వాక్యాల కిందే నీలం సిరాతో మళ్ళీ గీశాను. ఫిజిక్సు పుస్తకం తెరిచేసరికి సంక్రాంతి దాటింది. చివరికి నేను కాదనుకున్న కాలేజీలోనే, నాకంటే ఏడాది చిన్నవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చున్నాను.

అలాగని మళ్ళీ రాసేవాళ్ళంతా తెలివితక్కువవాళ్ళని కాదు. పరీక్షనాడు జ్వరం వచ్చినవాళ్ళు, ఆలస్యంగా మొదలుపెట్టి సిలబస్ పూర్తిచేయలేకపోయినవాళ్ళు తప్పక రాయాలి. నువ్వు ఆ ఇద్దరిలో ఎవరివీ కావు. ఇంటర్ మొదటి ఏడాది మెకానిక్స్ నుంచి మళ్ళీ నేర్పే మనిషి ఎవరో, రోజుకు ఎన్ని గంటలు దానికే ఇస్తావో కాగితం మీద రాయగలిగితే నాకు చూపించు. అప్పుడు అన్నయ్యతో నేనే మాట్లాడతాను. నీట్ ఎన్నిసార్లయినా రాయవచ్చు, వయసుకు పైపరిమితి కూడా లేదు. అందుకే నాలుగో లాంగ్ టర్మ్ చేస్తున్న పిల్లలు కనిపిస్తుంటారు.

బీడీఎస్‌లో చేరి పక్కన నీట్ కూడా రాస్తానన్నావు. మొదటి ఏడాదే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఉంటాయి. అవి చాలవన్నట్టు మైనపు దిమ్మెల్లో పళ్ళు చెక్కాలి. మా బ్యాచ్‌లో అలా రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన అబ్బాయికి ఎంబీబీఎస్ రాలేదు, మొదటి ఏడాదీ పోయింది. చేరాక మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎప్పుడు తిరిగి ఇస్తారో ఈ ఏటి నోటిఫికేషన్‌లో చదువు. అన్నయ్య చదివాడులే అనుకోకు.

అసలు నీకు ఈ పని నచ్చుతుందా లేదా అన్నది ఇంతవరకు ఎవరూ అడగలేదు. బీడీఎస్ అయ్యాక మొదటి ఉద్యోగాల్లో జీతం తక్కువ, దాచను. సొంత క్లినిక్కు నిలదొక్కుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. కానీ పై దవడ పన్ను అద్దంలో చూస్తూ, అద్దంలో కనిపించేదానికి తిరగేసి చెయ్యి కదపడం మొదటిసారి అలవాటైన రోజు నేను ఇంటికి పాడుకుంటూ వచ్చాను. ఆ రోజు ఎంబీబీఎస్ గుర్తుకు రాలేదు.

చేరడానికి ఇంకా ఆరు రోజుల గడువుంది కదా. శనివారం పొద్దున బస్సుకు వచ్చెయ్యి. రెండు రోజులు క్లినిక్కులో నా పక్కన స్టూలు మీద కూర్చో. రాత్రికి ఒక సబ్బు బిళ్ళ, చిన్న చాకు ఇస్తాను, నీ కోరపన్ను అద్దంలో చూసుకుంటూ అలాంటిది సబ్బులో చెక్కుదువుగాని. సబ్బు నేను కొని ఉంచుతాను, నువ్వు ఆ ఓఎంఆర్ కాపీ పట్టుకురా.

మీ అత్తయ్య