నేతగాడి కుడిచెయ్యి, కూతురి చదువు

బరంపురం నుంచి ఒక తల్లి రాశారు: "మా ఆయన పట్టు నేస్తారు. అమ్మాయి బయాలజీతో ప్లస్ టూ అయింది, నీట్‌లో ర్యాంకు రాలేదు. ఇప్పుడు పాతకాలపు ఎముకల మీద చదువుతానంటోంది. వాళ్ల నాన్న ముంజేతులు రెండూ టేపుతో కొలిచి, కుడిది లావుగా ఉంది, ఇది మగ్గం వల్లా, మన వంశం వల్లా అని అడుగుతోంది. ఈ చదువుకు ఉద్యోగం వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది."

అమ్మా, మీ పాప అడిగినది చిన్న ప్రశ్న కాదు. పాత అస్థిపంజరాలు చదివేవాళ్లు ఏళ్ల తరబడి తేల్చుకోవాలని చూస్తున్నది ఇదే. ఒక్క సవరణ చెప్పండి: టేపుకు ముఖ్యంగా తెలిసేది కండ. ఎముక మందం తెలియాలంటే ఎక్స్‌రేనో సీటీ స్కానో కావాలి. కానీ రెండు చేతులనూ పోల్చాలన్న ఆలోచన చాలా తెలివైనది. ఒకే మనిషి చేతులు కదా, వంశమూ ఒకటే, తిండీ ఒకటే. తేడా కనిపిస్తే ముందు పనినే అనుమానించాలి. 1977లో టెన్నిస్ ఆటగాళ్లను ఇలాగే చూశారు. మగవాళ్లలో రాకెట్ పట్టే దండచేతి ఎముక గోడ రెండో చేతికన్నా దాదాపు 35 శాతం మందంగా తేలింది.

వంశం ప్రభావం ఎక్కువగా పొడవుల్లో కనబడుతుంది. తరతరాలుగా చలి ప్రాంతాల్లో బతికినవాళ్లకు తొడతో పోలిస్తే పిక్క భాగం, దండచేతితో పోలిస్తే ముంజెయ్యి పొట్టిగా ఉంటాయి. వేడి ప్రాంతాలవాళ్లకు పొడుగ్గా ఉంటాయి. పని వల్ల మందం మారినంతగా ఇవి మారవు.

2017లో వచ్చిన ఒక పరిశోధన నన్ను బాగా కదిలించింది. మధ్య యూరప్‌లో సుమారు 7,000 ఏళ్ల కిందట సేద్యం చేసిన ఆడవాళ్ల చేతి ఎముకలు, ఇవాళ పడవ పందేలకు సాధన చేసే కేంబ్రిడ్జ్ అమ్మాయిల ఎముకలకన్నా 11 నుంచి 16 శాతం బలమైనవట. గంటల కొద్దీ రాతి మీద గింజలు నూరడం ఒక కారణం కావచ్చన్నారు. అంతకుముందు ఆడవాళ్ల ఎముకలను మగవాళ్లవాటితోనే పోల్చడం వల్ల ఆ చాకిరీ ఎంతటిదో లెక్కలోకి రాలేదు.

ఇక ఉద్యోగం. దాచకుండా చెబుతాను, పోస్టులు తక్కువ. ఈ చదువును ఆంత్రొపాలజీ, అంటే మానవశాస్త్రం అంటారు. ఆంత్రొపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది, కాలేజీలు, మ్యూజియంలు ఉన్నాయి; నోటిఫికేషన్ల కోసం ఓపిక పట్టాలి. అందుకే డిగ్రీ మీ ఊళ్లోనే, జువాలజీతో చేయించండి. లక్షలు పోసి ఎక్కడా సీటు కొనొద్దు. తర్వాత భువనేశ్వర్‌లో ఉత్కళ్, కోరాపుట్‌లో సెంట్రల్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, మూడు చోట్లా ఆంత్రొపాలజీ పీజీ ఉంది. తవ్వకాల మీద మనసుంటే పుణే దక్కన్ కాలేజీ. మహారాష్ట్రలోని ఇనాంగావ్‌లో 3,000 ఏళ్ల నాటి సమాధులు బయటపెట్టింది వాళ్లే. డిగ్రీలోనే స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోమనండి. ఎముకల పనిలో సగం లెక్కలే, పైగా రేపు ఆరోగ్య సర్వేల్లో పని దొరకడానికీ అవే అక్కరకొస్తాయి. సివిల్స్‌కు కూర్చున్నా ఆంత్రొపాలజీ ఆప్షనల్‌గా ఉంది. నీట్ మళ్లీ రాయించడం మాత్రం తనకు డాక్టరు కావాలని ఉంటేనే.

కొలతలు రాసుకున్న ఆ నోటుబుక్కు పారేయనివ్వకండి. అందులో ఇంకో గడి గీసి, నాన్న ఏ వయసులో మగ్గం గుంటలో కూర్చున్నారో, నాడె ఏ చేత్తో ఆడిస్తారో అడిగి రాయమనండి. ఎదిగే వయసులో మొదలైన పని ఎముకను ఎక్కువగా మారుస్తుంది, ఆ టెన్నిస్ ఆటగాళ్లలోనూ అదే కనబడింది.