ఐకాన్ మాయమైన చలాన్ యాప్

ప్రశ్న: ట్రాఫిక్ చలాన్ అంటూ వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్‌ను (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ వేసే ఫైల్) మా నాన్న ఇన్‌స్టాల్ చేశాడు. కాసేపటికి ఐకాన్ కనబడలేదు. యాప్ పోయినట్టేనా?
– ఓ పాఠకుడు, పరకాల

జవాబు: పోలేదండీ, దాక్కుంది. ఇలాంటి యాప్‌కు ముఖ్యంగా కావాల్సింది ఎస్సెమ్మెస్ అనుమతి. అది దొరికితే బ్యాంకు ఓటీపీ మీ నాన్నగారు చూసేలోపే అవతలివాళ్లకు చేరుతుంది. అందుకే ముందు డేటా, వైఫై ఆపి సిమ్ బయటికి తీయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు. సొమ్ము ఖాతాలు దాటకముందే ఆపే వీలుంటుంది.

తర్వాత సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా అంతా చూడండి. పేరో, ఐకానో ఖాళీగా ఉన్నదాన్ని అనుమానించాలి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కనివ్వకపోతే డివైస్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ అనుమతులు, అంటే ఫోన్‌పై పెత్తనం, తెరను చూసి నడిపే వీలు దాని చేతిలో ఉన్నాయన్నమాట. సేఫ్ మోడ్‌లో (బయటి యాప్‌లు పనిచేయని స్థితిలో) ఫోన్ తెరిచి, ఆ రెండూ తీసేసి, అప్పుడు తొలగించండి. అయినా నా మాట ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసే ఫ్యాక్టరీ రీసెటే. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్, ఫొటోలు ముందే వేరేచోట దాచుకోండి. స్క్రీన్‌షాట్ ఫిర్యాదుకు కావాలి. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు మాత్రం శుభ్రమైన ఫోన్‌లోనే మార్చాలి. సిమ్ తిరిగి వేశాక ##002# డయల్ చేస్తే ఎవరైనా మీ కాల్స్‌ను వేరే నంబరుకు మళ్లిస్తూ పెట్టిన కాల్ ఫార్వర్డింగ్ రద్దవుతుంది.

అసలు చలాన్ ఏపీకేగా రాదు. పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి చూసుకోవచ్చు.