వెనుక షాక్ మార్చాక బైక్ గట్టిగా ఉందా? పంపు కంటే ముందు వెర్నియర్ తీయండి

మీరు అడిగింది ఇది: మౌంటెన్ బైక్ వెనుక షాక్ (కుదుపులను తట్టుకునే షాక్ అబ్జార్బర్) పాడైతే కొత్తది వేయించారు. ఇప్పుడు చిన్న రాళ్ల మీద నడుము అదిరిపోతోంది, పెద్ద గుంతలో మాత్రం షాక్ చివరికంటా దిగి ఠప్పున కొట్టుకుంటోంది. గాలి పెంచాలా, తగ్గించాలా?

ప్రస్తుతానికి రెండూ వద్దు. తగ్గిస్తే కొట్టుకోవడం ఎక్కువవుతుంది, పెంచితే అదురు ఎక్కువవుతుంది. ఈ రెండు బాధలూ ఒకేసారి వచ్చాయంటే తప్పు గాలి దగ్గర కాక బిగింపు దగ్గర మొదలై ఉండవచ్చు, ముందు చూడాల్సింది అదే. షాక్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బుష్‌లు (బోల్టు చుట్టూ ఉండే గొట్టపు ముక్కలు), వాటి పక్కన ఖాళీని నింపే స్పేసర్లు సరిగ్గా కూర్చోకపోతే ఎంత ఖరీదైన షాక్ అయినా పనిచేయదు. ఈ మాట మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

నా బైకుకు షాక్ మార్చినప్పుడు ఇదే జరిగింది. పాతదాని కడ్డీ చుట్టూ నూనె చెమ్మ కనిపించేది, నొక్కితే లోపల బురదలో కాలు వేసినట్టు చప్పుడు వచ్చేది. కొత్తది అదే కొలతలో తెప్పించి ఒక సైకిల్ షాపులో ఇచ్చాను. అక్కడి మెకానిక్ షాక్‌ను ఫ్రేములో పెట్టి, దిగకపోతే రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలు వేసి దించాడు. "టైటుగా ఉంటేనే మంచిది సార్" అన్నాడు. ఇంటికి తెచ్చి గాలి మొత్తం తీసేసి వెనుక చక్రాన్ని చేత్తో ఎత్తి చూశాను. షాక్‌లో గాలి లేనప్పుడు చక్రం మెత్తగా పైదాకా రావాలి. నాది సగంలో బిగుసుకుపోయింది. బోల్టు విప్పి చూస్తే ఫ్రేము లోపలి అంచున రంగు గీసుకుపోయి ఉంది. వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) పెడితే లెక్క తేలిపోయింది: ఫ్రేములో ఖాళీ 29.8 మిల్లీమీటర్లు, స్పేసర్లతో కలిపి బుష్ వెడల్పు 30. పెట్టె మీద 30 అని రాసి ఉంది, కంపెనీ తప్పేమీ లేదు. ఫ్రేము మీద రంగు మందం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

కొత్త స్పేసర్లు విదేశం నుంచి తెప్పించాలంటే వస్తువు ధర కన్నా రవాణా, సుంకం ఎక్కువ. పైగా వారాల తరబడి బైక్ గోడకు ఆనించి ఉంచాలి. అందుకే ఉన్న స్పేసర్లనే జేబులో వేసుకుని బాలానగర్ వెళ్లాను. హైదరాబాద్‌లో ఉంటూ బాలానగర్ లేత్ షాపుల సంగతి తెలియని సైకిల్ వాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అక్కడ ఒక పెద్దాయన స్పేసర్‌ను వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఇది దేనికి బాబూ?" అని అడిగాడు. సైకిల్‌కు అంటే మొదట నమ్మలేదు. ఫోనులో ఫొటో చూపించాను. అల్యూమినియం మీద చక్ (లేత్‌లో వస్తువును పట్టి ఉంచే భాగం) పళ్ల గాటు పడకుండా దాని చుట్టూ పలచటి రేకు ముక్క చుట్టి బిగించాడు. కుంచెతో కిరోసిన్ రాస్తూ వెంట్రుకవాసి చొప్పున తీశాడు. వెండి తీగలాంటి తురుము చుట్టలు చుట్టుకుంటూ ట్రేలో పడింది. ఒక్కసారి తీసి ఊరుకోలేదు. మైక్రోమీటర్‌తో కొలవడం, మళ్లీ తీయడం, మళ్లీ కొలవడం. రెండో స్పేసర్ కూడా సరిగ్గా అంతే తీశాడు. ఒకవైపే తీస్తే షాక్ పక్కకు జరుగుతుందని నేను చెప్పకముందే ఆయనకు తెలుసు. చివరికి, "చేత్తో తోస్తే దిగాలి, వదిలితే జారిపోకూడదు, అంతవరకే" అన్నాడు. వెనుక షాక్ బిగింపు గురించి నేను విన్న మాటల్లో ఇంతకన్నా సరైనది లేదు.

అదే షాక్, అదే గాలి. ఆ వారం అనంతగిరి అడవి దారిలో చెట్ల వేళ్ల మీద, ఎర్రమట్టిలో తేలిన రాళ్ల మీద వెనుక చక్రం నేలను అంటిపెట్టుకుని నడిచింది.

కాబట్టి మీరు ముందుగా చేయాల్సింది ఇది. గాలి పూర్తిగా తీసేయండి. ఇక్కడ ఒక జాగ్రత్త: గాలి తీశాక షాక్ కుంగిపోయి, చేత్తో లాగినా తిరిగి సాగకపోతే దాన్ని ఇంట్లో విప్పకండి. లోపల ఒత్తిడి ఇరుక్కుని ఉంటుంది, విప్పితే ముక్కలు ఎగిరి ప్రాణం మీదికి వస్తుంది. మామూలుగా ఉంటే చక్రాన్ని చివరికంటా ఎత్తి చూడండి. టైరు సీటు గొట్టానికి తగులుతుందా, షాక్ పక్కనున్న డబ్బా ఫ్రేముకు గీసుకుంటుందా అన్నది కూడా అప్పుడే బయటపడుతుంది. తర్వాత ఒకవైపు బోల్టు తీసి షాక్‌ను చేత్తో తిప్పండి. కొద్దిపాటి పట్టుతో తిరగాలి. కదలనంటే బిగుసుకుంది, లొడలొడలాడితే బుష్ అరిగింది. తిరిగి బిగించేటప్పుడు ఫ్రేము తయారీదారు చెప్పిన టార్క్‌కే (బోల్టు తిప్పే బలానికే) బిగించండి.

షాక్ మీద రాసిన కొలత కూడా చూడండి. 2016లో షాక్‌ల కంపెనీ రాక్‌షాక్స్ మెట్రిక్ కొలతలు తెచ్చినప్పటి నుంచి 190, 210, 230 మిల్లీమీటర్ల లాంటి పొడవులు వస్తున్నాయి. అంతకు ముందు ఫ్రేములకు 200 × 57, 216 × 63 లాంటివి. మొదటి అంకె కంటి నుంచి కంటికి, అంటే రెండు చివర్ల బోల్టు రంధ్రాల మధ్య పొడవు. రెండోది స్ట్రోకు, అంటే షాక్ ఎంత దూరం దిగగలదో ఆ కొలత. పొడవు సరిపోయినా స్ట్రోకు ఎక్కువైతే చక్రం ఫ్రేముకు తగలవచ్చు.

బిగింపు బాగుందని తేలాకే పంపు. మీ మిత్రుడు ఎంత గాలి పెట్టాడో అడగకండి. వెనుక చక్రం 150 మిల్లీమీటర్ల కదలికకు షాక్ స్ట్రోకు 60 ఉన్న ఫ్రేములో ఆ రెండింటి నిష్పత్తి 2.5. 140కి 50 ఉంటే 2.8. ఇద్దరి బరువూ ఒకటే అయినా రెండో బైక్ షాక్ మీద పడే బరువు ఎక్కువ. షాపుల్లో వచ్చిన ప్రతివారికీ ఒకే అంకె కొట్టి పంపేయడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొద్దికొద్దిగా గాలి కొడుతూ, ప్రతి 50 పీఎస్ఐకి ఒకసారి ఆగి షాక్‌ను పదిసార్లు మెల్లగా నొక్కండి. షాక్‌లో రెండు గదులుంటాయి. నొక్కితేనే గాలి రెండో గదిలోకి చేరుతుంది. ఆ పని చేయకపోతే చిన్న రాళ్ల మీద సరిగ్గా మీరు చెప్పినట్టే గట్టిగా ఉంటుంది. పంపు తీసేటప్పుడు వచ్చే బుస్సుమనే శబ్దం గొట్టంలోని గాలిదే, షాక్‌ది కాదు. మళ్లీ తగిలిస్తే అంకె తగ్గి కనబడేది కూడా గొట్టం నిండడం వల్లే. దీని మీద జనం గంటలు గంటలు వాదించుకుంటారు, ఆ సమయంలో కుంగుదల (మన బరువుకు షాక్ ఎంత దిగుతుందో) కొలుచుకుంటే ఎంత బాగుండును!

హెల్మెట్, నీళ్ల సంచితో సహా బైక్ ఎక్కి కదలకుండా కూర్చోండి. షాక్ కడ్డీ మీదున్న రబ్బరు రింగును సీలు (కడ్డీ లోపలికి వెళ్లే చోటి అంచు) దాకా జరిపి, బైకును ఊపకుండా మెల్లగా దిగండి. 50 స్ట్రోకుకు రింగు సీలు నుంచి 12.5, 15 మిల్లీమీటర్ల మధ్య దూరంలో ఉండాలి, అంటే 25 నుంచి 30 శాతం. ఎండాకాలంలో మళ్లీ చూసుకోండి. 20 డిగ్రీల వద్ద 200 పీఎస్ఐ పెడితే 40 డిగ్రీలకు దాదాపు 15 పెరుగుతుంది.

ఆ తర్వాత ఎర్ర నాబ్, అంటే దిగిన షాక్ తిరిగి లేచే వేగాన్ని మార్చేది. సీటు మీద కూర్చునే ఉండి బైకును కాలిబాట అంచు నుంచి కిందికి దించండి. వెనుక భాగం ఒక్కసారి లేచి కుదుటపడాలి. రెండుసార్లు ఊగితే కాస్త బిగించండి. అసలు లేవకపోతే వదులు చేయండి. బాగా బిగించి ఉంటే ఒక రాయికీ మరో రాయికీ మధ్య షాక్ తేరుకోలేక కుంగిపోతుంది. అది కూడా గట్టిదనంలాగే తెలుస్తుంది.

ఇన్ని సరిచేశాక కూడా పెద్ద గుంతలో కొట్టుకుంటుంటే అప్పుడూ గాలి పెంచకండి. గాలి గదిలో ఒక వాల్యూమ్ స్పేసర్ (గదిలో గాలి చోటును తగ్గించే ముక్క, బుష్ పక్కనుండే స్పేసర్ కాదు) అదనంగా వేయండి. మొదటి భాగం మెత్తగానే ఉండి చివర మాత్రం గట్టిపడుతుంది. ఆ గది విప్పే ముందు గాలి పూర్తిగా తీయడం మరిచిపోకండి.

మీ ఫ్రేము మోడలు, షాక్ మీది రెండు అంకెలు, బుష్ వెడల్పు, ఫ్రేములో ఖాళీ వెర్నియర్‌తో కొలిచి కింద రాయండి. స్పేసర్ తిప్పించాల్సి వస్తే ఎంత తీయాలో నేను లెక్క చెబుతాను.